రెండో భాష మెదడుకు బరువా?

తరగతిలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే ఇంగ్లిష్ మీడియం బడులు ఇప్పటికీ ఉన్నాయి. ఇంటి భాష ఇంగ్లిషుకు అడ్డువస్తుందని వాటి భయం. నిజానికి రెండు భాషలు తెలిసినవారి మెదడులో రెండూ ఒకేసారి మేలుకొనే ఉంటాయి. ఒకటి మాట్లాడుతుంటే మెదడు రెండోదాన్ని అదుపులో ఉంచుతుంది. రోజంతా సాగే సాధన ఇది.

దీని ప్రభావం వృద్ధాప్యంలో కనిపిస్తుందా? హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష తెలిసినవారిలో మతిమరుపు లక్షణాలు సగటున 61వ ఏట మొదలయ్యాయి. రెండు, అంతకుమించి భాషలు వచ్చినవారిలో 65 దాటాకే. అంటే సుమారు నాలుగున్నరేళ్ల తేడా! చదువురానివారిలోనూ తేడా కనిపించింది కాబట్టి దీన్ని బడి చదువు ఖాతాలో వేయలేం. కెనడాలో అంతకుముందు జరిగిన అధ్యయనాల్లో రెండు భాషలవారు చాలామంది వలసవచ్చినవారు కావడంతో, తేడా వలస వల్ల కావచ్చన్న అనుమానం ఉండేది. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడేవారు ఇక్కడివారే.

అలాగని భాష జబ్బును ఆపదు, లక్షణాలను వాయిదా వేస్తుందేమో. కొన్ని ఇతర అధ్యయనాల్లో ఇంత తేడా రాలేదు. మూడో భాషతో అదనపు లాభం హైదరాబాదులోనూ కనిపించలేదు.