ఉపగ్రహ చిత్రాన్ని పలకలుగా కోయడం: కొడల ప్రాంతం ఉదాహరణగా

బరంపురం ప్రాంతంలో తెలుగు చదువుకుంటూ భూగోళమో, కంప్యూటర్ శాస్త్రమో ప్రధానాంశంగా తీసుకున్న విద్యార్థులు ఈమధ్య నన్నొక ప్రశ్న అడుగుతున్నారు. పెద్ద ఉపగ్రహ చిత్రాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి పరిశీలించమంటున్నారు కదా, అలా కోస్తే అందులోని విషయం చెడిపోదా అని. భాషాశాస్త్రం చెప్పేవాణ్ణి ఇది అడగడమేమిటి అనుకున్నాను మొదట. తీరా చూస్తే ఇది మా శాస్త్రానికి బాగా తెలిసిన చిక్కే.

‘వాడెక్కడున్నాడు’ అన్న మాట తీసుకోండి. ఆరు అక్షరాలు. అర్థంతో నిమిత్తం లేకుండా మూడేసి అక్షరాల చొప్పున కోస్తే ‘వాడెక్క’, ‘డున్నాడు’ అవుతాయి. రెండో ముక్క మాటే కాదు. అది తప్పని ఎవరికైనా తెలుస్తుంది. ప్రమాదమంతా మొదటి ముక్కతోనే. వాడేదో చెట్టో మెట్టో ఎక్కబోతున్నట్టు వినిపిస్తుంది. తప్పుగా ఉన్నా ఒప్పులా కనిపించే ముక్క ఇది. ఉపగ్రహ చిత్రాన్ని కోసినప్పుడు మనం భయపడవలసింది ఇలాంటి ముక్కలకే.

అసలు కోయడం ఎందుకు? ఐరోపా అంతరిక్ష సంస్థ 2015లో పంపడం మొదలుపెట్టిన సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో చిత్రం నిలువునా అడ్డంగా 109.8 కిలోమీటర్ల నేలను చూపుతుంది. పది మీటర్ల వివరం ఉన్న వర్ణపట్టీలో ఒక్కో వరుసకు 10,980 చిత్రకణాలు, అంటే పిక్సెళ్లు, ఉంటాయి. వరుసలూ అన్నే. మొత్తం పన్నెండు కోట్లకు పైమాటే. ఒక్కో కణానికి రెండు బైట్లనుకున్నా ఒక్క వర్ణపట్టీకే 24 కోట్ల బైట్లు. అలాంటి పట్టీలు నాలుగు. మామూలు కంప్యూటర్ దీన్ని తెరిచి చూపించగలదు గానీ, చెరువేదో పొలమేదో గుర్తుపట్టేలా శిక్షణ ఇచ్చిన నమూనాకు ఇదంతా ఒక్కసారిగా అందించలేదు. అలాంటి నమూనాలకు సాధారణంగా 256 లేదా 512 కణాల భుజం గల చతురస్రాలనే ఇస్తారు. ఈ చతురస్రాన్నే టైల్ అంటారు. నేను పలక అంటాను. బడిపిల్లవాడి పలకలాగే దీనిమీద పట్టేది కొంచెమే కాబట్టి ఆ మాట నప్పుతుంది.

512 కణాల పలక అయిదు కిలోమీటర్ల పైచిలుకు భుజం గల నేలను చూపుతుంది. మొత్తం చిత్రానికి వరుసకు 22 చొప్పున 484 పలకలు కావాలి. చివరి పలక పూర్తిగా నిండదు. మిగిలిన చోటును సున్నాలతో నింపుతారు. ప్రతి పలకకూ దాని వరుసనూ నిలువునూ తెలిపే చిరునామా తప్పక ఉండాలి. సున్నా నుంచి లెక్కపెడితే ఏడో వరుస, పన్నెండో నిలువులోని పలక చిత్రపు వాయవ్య మూల నుంచి 35,840 మీటర్లు దక్షిణానికి, 61,440 మీటర్లు తూర్పుకు మొదలవుతుంది. ఈ చిరునామా పోయిందంటే పలకలో ఎంత చక్కటి చెరువు కనిపించినా అది ఏ ఊరిదో చెప్పలేం.

ఇక కొడల సంగతి. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది: కొడల, బరంపురం 74 ఎ పటంలో ఉంటాయి. తూర్పున 85 డిగ్రీల రేఖాంశం దాటగానే 74 ఇ మొదలవుతుంది. రంభ, చిలికా సరస్సు అందులోవి. ఋషికుల్య నది ఆస్కా, పురుషోత్తంపూర్‌ల మీదుగా ప్రవహించేది ఒక పటంలో, సముద్రంలో కలిసేది మరో పటంలో. ఆ గీతకు నదితో పనిలేదు.

మా విద్యార్థి ఒకరు ఈ ప్రాంతపు చెరువులను పలకల పద్ధతిలో లెక్కించారు. వచ్చిన సంఖ్య చూసి ఆ ఊళ్ల మనుషులు నవ్వారు, తమకు అన్ని చెరువులు లేవని. తప్పు వెతికితే తేలిందేమంటే, పలక అంచున పడిన చెరువు రెండు చెరువులయింది. నాలుగు పలకలు కలిసే మూలన పడినది నాలుగయింది. ఇంకో చోట దీనికి తలకిందులు: చెరువులో సన్నటి కొస మాత్రమే పక్క పలకలోకి పోయింది, నమూనా దాన్ని తడిసిన పొలమనుకుని వదిలేసింది. నమూనా ఒక కణాన్ని దాని ఇరుగుపొరుగు కణాలను బట్టి నిర్ణయిస్తుంది. అంచున ఉన్న కణానికి ఒకవైపు పొరుగే లేదు.

దీనికి విరుగుడు దర్జీలకు ఎప్పటినుంచో తెలుసు. కుట్టుకోసం గుడ్డ వదిలిపెట్టాలి. ప్రతి పలకనూ పక్కదానితో 64 కణాలు కలిసేలా కోసి, ఫలితం తీసుకునేటప్పుడు చుట్టూ 32 కణాల అంచును పారేసి నడిమి భాగాన్ని మాత్రమే ఉంచుకోవాలి. అప్పుడు పలకల సంఖ్య 484 నుంచి 625కు పెరుగుతుంది. పని దాదాపు మూడోవంతు ఎక్కువ; అయినా చేయవలసిందే. చెరువు కేంద్రబిందువు ఏ పలక నడిమి భాగంలో పడితే ఆ పలక ఖాతాలోనే దాన్ని రాయాలి, రెండోదానిలో కొట్టేయాలి. సెంటినెల్ చిత్రాలు ఇచ్చేవారు కూడా ఇదే జాగ్రత్త పాటించారు: వారి గళ్లు 100 కిలోమీటర్లవే, మిగిలిన 9.8 పక్క చిత్రంతో కలవడానికి వదిలినవి.

అయితే 64 కణాలంటే 640 మీటర్లు. అంతకంటే పెద్ద చెరువు ఎలాగూ తెగుతుంది. చిలికా సంగతి చెప్పనే అక్కర్లేదు. వేసవిలో 900 చదరపు కిలోమీటర్ల పైన, వర్షాకాలంలో 1,100 పైన విస్తరించే ఆ సరస్సు ఏ అంచుకూ లొంగదు. అలాంటివాటిని పలకలన్నీ తిరిగి అతికించాక, తగులుకున్న నీటి ముక్కలను ఒకటిగా కలిపి లెక్కించాలి. పుస్తకాలు పలక పరిమాణం గురించే ఎక్కువగా మాట్లాడతాయి. మనం వెతికే వస్తువు ఎంత పెద్దది అన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

మరో పొరపాటు చిలికా దగ్గరే బయటపడుతుంది. కొందరు ప్రతి పలకలోనూ దానిలోని అతి చీకటి కణాన్ని సున్నాగా, అతి వెలుగు కణాన్ని ఒకటిగా పెట్టి మిగతావి సర్దుతారు. పలకంతా నీళ్లే ఉంటే ఆ నీళ్లలోనే కొన్ని నేలలా తెల్లగా తేలతాయి. సర్దుబాటు మొత్తం చిత్రానికి ఒక్కటే ఉండాలి.

గంజాం నుంచి దక్షిణానికి దిగేవారికి ఇంకొక హెచ్చరిక. సెంటినెల్ పటాలు వాడే మండలాల్లో 44వది 84 డిగ్రీల రేఖాంశం దగ్గర ముగిసి 45వది మొదలవుతుంది. బరంపురం, ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి ఒకవైపు. శ్రీకాకుళం పట్టణం ఇంకోవైపు. రెండు మండలాల గళ్లు సమాంతరంగా ఉండవు కాబట్టి ముందుగా ఒకే మండలంలోకి మార్చుకోకుండా పలకలు అతికిస్తే కుదరదు.

ఈ అంచుల గొడవ నాకు కొత్త కాదన్నాను. పరిశోధక విద్యార్థిగా గంజాం తెలుగు మాటలు సేకరించేటప్పుడు ఒక ఏడు 74 ఎ పటంలోని వ్యవసాయదారుల ఊళ్లు, మరుసటి ఏడు 74 ఇ పటంలోని సముద్రతీరపు ఊళ్లు తిరిగాను. పటం గీస్తే మాండలిక సరిహద్దు సరిగ్గా 85 డిగ్రీల రేఖ మీదనే వచ్చింది! ఎంత సంబరపడ్డానో. మా గురువుగారు చూసి, “మాట గీత దగ్గర ఆగి దిగిందటయ్యా?” అన్నారు. గీతకు అటూ ఇటూ ఉన్న నాలుగు ఊళ్లు ఒకే నెలలో, ఒకే ప్రశ్నలతో మళ్లీ తిరిగాను. ఆ తేడా ఊళ్లది కాదు, రెండేళ్లలో మారిపోయిన నా ప్రశ్నలది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం అటు చేరిన తరువాత, మన మాటలను ఆంధ్ర సరిహద్దు దగ్గరే ఆపేసిన పటాలు ఇంకా ఉన్నాయి. అక్కడా అంచు వదలలేదు.

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో మబ్బులను చీల్చుకుని చూసే రాడార్ చిత్రాలే శరణ్యం. వాటినీ పలకలుగానే కోస్తారు. మునిగిన ఊళ్ల జాబితా వాటినుంచే తయారవుతున్నప్పుడు, రెండు పలకల మధ్య సగం సగంగా పడిన పల్లె రెండింటిలోనూ ‘కొద్దిపాటి నీరు’గా మిగిలిపోవచ్చు. బియ్యం బండి ఆ ఊరికి ఆలస్యంగా వెళుతుంది.

అభ్యాసం చేయదలచినవారు కొడల చుట్టూ ఒక చిత్రం తీసుకుని, తమకు తెలిసిన చెరువు సరిగ్గా నాలుగు పలకల మూలన పడేలా కోయండి. ఒకసారి అంచు వదలకుండా, ఒకసారి వదిలి లెక్కించండి. తరువాత ఆ చెరువు గట్టు మీదకు స్వయంగా వెళ్లి చూసి రండి. నీరెంతవరకు ఉందో, గట్టున ఉన్నవారు ఆ చెరువును ఏ పేరుతో పిలుస్తారో రెండూ రాసుకోండి.