ప్రెస్ రోలరు పిండిన నీరు - బాయిలరుకు మిగిలిన ఇంధనం

కాగితపు యంత్రాల ప్రెస్ విభాగంలో సాంకేతిక అభివృద్ధి. గోదావరి డెల్టాకు దాని ప్రాధాన్యం

ఏలూరు : వరి పండే నేలకు, కాగితానికి సన్నిహిత సంబంధం ఉన్నది. వరిగడ్డి కాగితపు గుజ్జుకు ముడిపదార్థం. ధాన్యం మర ఆడించగా మిగిలే ఊక బాయిలరుకు ఇంధనం. గుజ్జును పలుచన చేయడానికి కావలసినది కాలువ నీరు. ఈ మూడూ ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం పరిసరాలలో సమృద్ధిగా లభిస్తాయి. భీమవరం సమీపంలోని వేండ్రలో డెల్టా పేపర్ మిల్స్ నెలకొనడం ఈ అనుకూలతను గుర్తుచేస్తుంది. అయితే ఇంధనం ధర పెరుగుతున్నకొద్దీ, నీటి వినియోగంపై ఆంక్షలు బిగిసేకొద్దీ కాగితపు పరిశ్రమ మనుగడ ముడిసరకు లభ్యతపైనే గాక, యంత్రం పనితీరుపై కూడా ఆధారపడుతున్నది. ఆ యంత్రంలో బయటివారి దృష్టికి అంతగా రాని భాగం ప్రెస్ రోలర్లు. తడి కాగితం నుండి నీటిని పిండివేసే ఈ రోలర్లలో వచ్చిన మార్పులు, వాటి వలన ఒనగూరే ప్రయోజనాలు, వాటి పరిమితులు ఈ వ్యాసంలో వివరించబడినవి.

రాష్ట్రంలో కాగితపు పరిశ్రమ

తెలుగునాట యంత్రాలతో కాగితం తయారీకి దాదాపు శతాబ్దపు చరిత్ర ఉన్నది. రాజమహేంద్రవరంలోని మిల్లు మూలాలు 1920ల నాటి కర్నాటిక్ పేపర్ మిల్లులో ఉన్నాయి. 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్‌గా రూపొందిన ఈ సంస్థ 2011లో ఇంటర్నేషనల్ పేపర్ యాజమాన్యంలోకి, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ యాజమాన్యంలోకి వచ్చి, 2020లో ఆంధ్ర పేపర్ లిమిటెడ్‌గా పేరు మార్చుకున్నది. నిజాం కాలంలో 1938లో స్థాపితమై 1942లో ఉత్పత్తి ప్రారంభించిన సిర్పూరు పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతుల్లోకి వెళ్లిన పిమ్మట తిరిగి తెరచుకున్నది. కాగితం పేరునే తన పేరుగా చేసుకున్న కాగజ్‌నగర్ పట్టణం ఆ నాలుగేళ్లలో ఎదుర్కొన్న ఇబ్బందులు మిల్లుపై ఎంతమంది జీవనం ఆధారపడి ఉంటుందో తేటతెల్లం చేశాయి.

పెద్ద మిల్లులకు కొత్త యంత్రాలు సమకూర్చుకునే శక్తి ఉంటుంది. రోజుకు కొన్ని పదుల టన్నులు మాత్రమే ఉత్పత్తి చేసే చిన్న, మధ్యతరహా మిల్లులకు ఆ అవకాశం తక్కువ. ఉన్న యంత్రంలోనే తక్కువ పెట్టుబడితో ఎక్కువ ఫలితం సాధించడం వాటికి అనివార్యం. ఈ దృష్టితో చూసినప్పుడు ప్రెస్ విభాగానికి విశేష ప్రాధాన్యం ఉన్నది.

నీరు తొలగే మూడు దశలు

కాగితపు యంత్రంలోకి వెళ్లే గుజ్జులో నార 1 శాతం లేదా అంతకంటె తక్కువ, మిగిలినదంతా నీరే. నార 1 శాతంగా ఉన్నదనుకొంటే ఒక కిలో నారకు 99 కిలోల నీరు ఉంటుంది. మొదటి దశలో కదిలే జాలి, అనగా వైరు, మీదుగా సుమారు 95 కిలోల నీరు జారిపోయి, 20 శాతం పొడితనం గల తడి కాగితం ఏర్పడుతుంది. రెండవ దశలో ప్రెస్ రోలర్ల నడుమ నలిగి మరో రెండున్నర కిలోల నీరు తొలగి, కాగితం 40 శాతం పొడితనానికి చేరుతుంది. చివరి దశలో ఆవిరితో వేడెక్కిన డ్రయ్యరు సిలిండర్లపై మిగిలిన సుమారు ఒకటిన్నర కిలోల నీరు ఆవిరైపోతుంది.

పరిమాణం దృష్ట్యా చివరి దశలో తొలగే నీరు అతి స్వల్పం. ఖర్చు దృష్ట్యా అదే అత్యధికం. వైరుపై నీరు చాలావరకు తన బరువుతోను, వాక్యూమ్ సాయంతోను దిగుతుంది. ప్రెస్‌లో యంత్రబలంతో దిగుతుంది. డ్రయ్యరుపై మాత్రం ప్రతి కిలో నీటికి ఒక కిలోకు మించిన ఆవిరిని వెచ్చించవలసి వస్తుంది. కావున ప్రెస్‌లో పిండగలిగిన నీటిని డ్రయ్యరుకు వదలివేయడమంటే ఇంధనాన్ని వృథా చేసుకోవడమే.

ఈ లెక్కనుండి పరిశ్రమలో ప్రసిద్ధమైన ఒక సూత్రం వెలువడినది. ప్రెస్ నుండి వెలువడే కాగితపు పొడితనం 1 శాతం పెరిగితే డ్రయ్యరులో ఆవిరి వినియోగం సుమారు 4 శాతం తగ్గుతుంది. రోజుకు 100 టన్నుల కాగితం తయారుచేసే ఒక యంత్రాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. తయారైన కాగితంలో 5 శాతం తేమ ఉంటుందనుకొంటే, ప్రెస్ అనంతర పొడితనం 40 శాతంగా ఉన్నప్పుడు డ్రయ్యరులో రోజుకు సుమారు 137 టన్నుల నీటిని ఆవిరి చేయవలసి ఉంటుంది. అది 45 శాతానికి పెరిగితే 111 టన్నులు చాలును. తేడా రోజుకు 26 టన్నులు. కిలో నీటికి 1.3 కిలోల ఆవిరి చొప్పున లెక్కించినా 34 టన్నుల ఆవిరి ఆదా అవుతుంది. టన్ను ఊకకు సుమారు 3 టన్నుల ఆవిరి వస్తుందనుకొంటే, రోజుకు 11 టన్నుల ఊక మిగిలినట్లే.

రోలరులో వచ్చిన మార్పులు

చెరకు గానుగలో రెండు రోలర్ల నడుమ గడను నలిపి రసం తీసే పద్ధతి ఈ జిల్లాల రైతులకు సుపరిచితమే. ప్రెస్ సూత్రమూ అదే. అయితే తడి కాగితం చెరకు గడవలె బలమైనది కాదు. దానిని ఫెల్టు అనే మందపాటి వస్త్రం మీద ఉంచి రోలర్ల నడుమకు పంపుతారు. పిండిన నీరు ఫెల్టులోకి చేరుతుంది. చిక్కు ఇక్కడే ఉన్నది. ఫెల్టులోకి చేరిన నీరు త్వరగా మరొక చోటికి వెళ్లకపోతే ఒత్తిడి తొలగిన మరుక్షణమే కొంత నీరు తిరిగి కాగితంలోకి ఇంకుతుంది. నీరు పోవడానికి దారిలేకుండా ఒత్తిడి మాత్రమే పెంచితే తడి కాగితం చితికిపోతుంది. రోలరు రూపకల్పనలో వచ్చిన మార్పులలో చాలావరకు నీటికి దారి చూపే ప్రయత్నాలే.

తొలినాటి నున్నని రోలరులో నీరు ఫెల్టు వెంబడి వెనుకకు ప్రవహించి బయటపడవలసి వచ్చేది. తదుపరి సక్షన్ రోలరు వచ్చినది. కంచు లేదా స్టెయిన్‌లెస్ స్టీలు గుల్ల రోలరుకు వేలాది రంధ్రాలు తొలిచి, లోపల అమర్చిన వాక్యూమ్ పెట్టె ద్వారా నీటిని లాగడం దీని విధానం. ఇది సమర్థమైనదే గాని వాక్యూమ్ పంపులకు విద్యుత్తు ఎక్కువగా కావాలి. రంధ్రాల మధ్య లోహం కాలక్రమేణా అలసి పగుళ్లిచ్చే ప్రమాదమూ ఉన్నది.

1960ల దశకంలో ప్రాచుర్యం పొందిన గాడుల రోలరు ఈ సమస్యకు సులభమైన పరిష్కారం చూపినది. రోలరు చుట్టూ సుమారు అర మిల్లీమీటరు వెడల్పు, రెండున్నర మిల్లీమీటర్ల లోతుగల సన్నని గాడులను మూడు మిల్లీమీటర్ల ఎడంతో చెక్కుతారు. నీరు ఫెల్టు నుండి నేరుగా దగ్గరలోని గాడిలోకి దిగుతుంది. దీనికి వాక్యూమ్ అవసరం లేదు. గాడులకు బదులు పై పొరలో మాత్రమే రంధ్రాలు తొలిచే బ్లైండ్ డ్రిల్ పద్ధతి కూడా వాడుకలో ఉన్నది. రోలరుపై తొడిగే రబ్బరు, పాలీయురేథేన్ పొరల నాణ్యత పెరగడంతో అధిక ఒత్తిడిలోనూ గాడులు మూసుకుపోకుండా నిలిచే వీలు కలిగినది.

వంగే రోలరుకు విరుగుడు

రోలరును రెండు చివరల బేరింగులు మోస్తాయి. భారం కూడా చివరలనే పడుతుంది. అందువలన రోలరు నడుమ భాగం స్వల్పంగా వంగి, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. కాగితం అంచులు పొడిగాను, నడుమ తడిగాను వెలువడుతుంది. నడుమ తడిని పోగొట్టేందుకు డ్రయ్యరులో ఆవిరి పెంచితే అంచులు అతిగా ఎండి పెళుసెక్కుతాయి. దీని నివారణకు రోలరును గ్రైండింగ్ చేసేటప్పుడే నడుమ భాగాన్ని మిల్లీమీటరులో కొంత భాగం మేర ఉబ్బుగా ఉంచుతారు. దీనిని క్రౌన్ అంటారు. అయితే ఒక క్రౌన్ ఒక భారానికి మాత్రమే సరిపోతుంది. భారం మార్చినప్పుడు లెక్క తప్పుతుంది. ఈ లోపాన్ని అధిగమించేందుకు తిరిగే గుల్లను లోపలి నుండి నూనె ఒత్తిడితో నిలబెట్టే రోలర్లను జర్మనీకి చెందిన కూస్టర్స్ సంస్థ ప్రవేశపెట్టినది. భారానికి అనుగుణంగా వంపును సరిచేసుకోవడం వీటి ప్రత్యేకత.

1980ల ఆరంభంలో అమెరికాకు చెందిన బెలాయిట్ సంస్థ షూ ప్రెస్‌ను వాడుకలోకి తెచ్చినది. ఇందులో ఒక రోలరుకు బదులు పుటాకారపు దిమ్మె ఉండి, నూనె పూసిన బెల్టు దానిపై జారుతుంది. సాధారణ రోలర్ల మధ్య ఒత్తిడి పడే నిడివి రెండు నుండి ఐదు సెంటీమీటర్లు కాగా, షూ ప్రెస్‌లో అది సుమారు 25 సెంటీమీటర్లు. నిమిషానికి 200 మీటర్ల వేగంతో నడిచే యంత్రంలో మూడు సెంటీమీటర్ల నిడివిని కాగితం 9 మిల్లీసెకన్లలో దాటుతుంది. 25 సెంటీమీటర్లకు 75 మిల్లీసెకన్లు పడుతుంది. నీరు దిగడానికి లభించిన ఈ అదనపు వ్యవధి వలన పొడితనం 50 శాతం వరకు చేరే అవకాశం ఏర్పడినది.

వరిగడ్డి గుజ్జుకు ఏది తగినది?

ఈ ప్రశ్న డెల్టా ప్రాంతానికి ముఖ్యమైనది. కర్ర గుజ్జుతో పోల్చినప్పుడు వరిగడ్డి గుజ్జులో నార పొట్టిది, సూక్ష్మకణాలు ఎక్కువ. అది నీటిని పట్టి ఉంచుతుంది. పలుమార్లు తిరిగి వాడిన పాత కాగితపు గుజ్జుదీ దాదాపు ఇదే స్వభావం. ఇటువంటి గుజ్జుపై ఒత్తిడిని ఒక్కసారిగా పెంచడం కంటె ఒత్తిడిలో ఉండే కాలాన్ని పెంచడమే మేలు. షూ ప్రెస్ ఈ అవసరాన్ని తీర్చగలదు గాని దాని పెట్టుబడి చిన్న మిల్లులకు భారం. వ్యాసం ఎక్కువగా ఉండి, మెత్తని పొర తొడిగిన జంబో ప్రెస్ రోలర్లు మధ్యేమార్గంగా ఉపకరిస్తాయి.

అంతకంటె తక్కువ ఖర్చుతో చేయదగిన పనులూ ఉన్నాయి. అరిగిన రోలరు పొరను సకాలంలో గ్రైండింగ్ చేయించడం, నున్నని రోలరుకు గాడులు చెక్కించడం, క్రౌన్‌ను ప్రస్తుత భారానికి సరిచేయించడం, ఫెల్టును శుభ్రపరచే నీటి జల్లులను, వాక్యూమ్ పెట్టెలను సక్రమంగా ఉంచడం వీటిలో ముఖ్యమైనవి. ప్రెస్‌కు ముందు తడి కాగితాన్ని ఆవిరితో కొంత వేడిచేసినా నీరు పలుచబడి సులభంగా దిగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే పొడితనం సుమారు 1 శాతం పెరుగుతుందన్నది అనుభవంలో తేలిన అంచనా.

కార్మికుల భద్రత

రెండు రోలర్లు కలిసే చోటు కాగితపు మిల్లులో అత్యంత ప్రమాదకరమైన స్థలాలలో ఒకటి. తెగిన కాగితాన్ని తిరిగి ఎక్కించేటప్పుడు, నడుస్తున్న రోలరును తుడిచేటప్పుడు చేయి చిక్కుకుంటే తిరిగి తీసుకొనే వ్యవధి ఉండదు. కదిలే యంత్రభాగాలకు రక్షణ కంచె ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టమే తన 21వ సెక్షనులో నిర్దేశించినది. పొడితనం పెరిగిన కాగితానికి బలం పెరిగి, తెగిపోవడం తగ్గుతుంది. కార్మికుడు ఆ చోటికి చేయి చాపవలసిన సందర్భాలూ ఆ మేరకు తగ్గుతాయి. కాగితం అంటుకోకుండా విడిపోతుందన్న కారణంగా పూర్వం గ్రానైటు రోలర్లను వాడేవారు. ఉష్ణోగ్రతల వ్యత్యాసం వలన కొన్ని దేశాలలో అవి పగిలిన ఘటనల అనంతరం వాటి స్థానంలో సిరామిక్ పూత గల లోహపు రోలర్లు ప్రవేశించినవి.

కొల్లేటి సీమలో నీటి విలువ

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లపు ప్రాంతంలో ఉన్న కొల్లేరు సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులతో పాటు అనేక డ్రైన్ల నీరు చేరుతుంది. అది ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. 1999లో ప్రభుత్వం కొల్లేరును ఐదవ కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినది. 2002లో ఇది రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరినది. ఎగువన ఏ పరిశ్రమ విడిచిన నీరైనా పల్లానికే ప్రవహిస్తుంది గనుక ఈ సీమలో నీటి పొదుపు ఒక్క మిల్లుకు సంబంధించిన విషయం కాదు.

ప్రెస్‌లో పిండిన నీటిని, అందులో చేరే ఫెల్టు పోగులను వడకట్టి, జల్లులకు, గుజ్జు పలుచన చేయడానికి తిరిగి వాడవచ్చును. డ్రయ్యరులో ఆవిరైన నీరు గాలిలో కలిసిపోగా, ప్రెస్‌లో దిగిన నీరు మిల్లులోనే మిగులుతుంది. అయితే ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. గడ్డిని ఉడికించగా వచ్చే నల్లద్రావణం సమస్యకు ప్రెస్ రోలరు పరిష్కారం కాదు. దానికి రసాయనాల పునరుద్ధరణ, వ్యర్థజల శుద్ధి వ్యవస్థలు విడిగా ఉండవలసినదే. ప్రెస్ ఆధునికీకరణను కాలుష్య నియంత్రణకు ప్రత్యామ్నాయంగా చూపడం సరికాదు.

పరిశీలించదగిన అంశాలు

మిల్లులను సందర్శించే అధికారులు, పాత్రికేయులు నాలుగు అంశాలను అడిగి తెలుసుకొనవచ్చును. ప్రెస్ అనంతరం కాగితపు పొడితనం ఎంత, దానిని చివరిసారిగా ఎప్పుడు కొలిచారు? టన్ను కాగితానికి ఆవిరి వినియోగం ఎంత? రోలర్ల నడుమ కార్బన్ కాగితం ఉంచి ఒత్తిడి ముద్రను పరీక్షించారా, ఆ ముద్ర అంచు నుండి అంచుకు సమంగా ఉన్నదా? ప్రెస్ నీరు తిరిగి వాడుకలోకి వస్తున్నదా, డ్రైనులోకి పోతున్నదా? ఈ నాలుగింటికి నమోదైన అంకెలు ఉన్న మిల్లులో పొదుపు జరుగుతున్నదో లేదో కాగితం మీదనే తేలుతుంది.

ఇంధన సామర్థ్యం జాతీయ విధానంలో భాగమైనది. 2012లో ప్రారంభమైన పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్ పథకం తొలి విడతలోనే కాగితపు పరిశ్రమ చేర్చబడినది. పరిశ్రమకు సాంకేతిక సలహా అందించేందుకు సహారన్‌పూర్‌లో కేంద్ర గుజ్జు, కాగితపు పరిశోధన సంస్థ ఉన్నది. 2015లో తాడేపల్లిగూడెంలో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఏలూరులోని ఇంజనీరింగ్ కళాశాలలు రోలరు వంపు, గాడుల రూపకల్పన, ఫెల్టు నిర్వహణ వంటి సమస్యలను విద్యార్థుల ప్రాజెక్టులుగా చేపట్టడానికి అనువైన చోటు ఇది. రోలరు గ్రైండింగు, పొర తొడుగు పనులకు నైపుణ్యం గల వర్క్‌షాపులు దగ్గరలో ఉంటే చిన్న మిల్లులకు యంత్రం ఆగే రోజులు తగ్గుతాయి.

కొత్త యంత్రం కొనలేని మిల్లు కూడా ఉన్న రోలరును సరిచేసుకోగలదు. పొడితనంలో ఒక్క శాతం పెరుగుదల చూడటానికి స్వల్పమే అయినా, అది సంవత్సరం పొడవునా బాయిలరు వద్ద ఇంధనంగా మిగులుతుంది. మిల్లు నడక నిలుస్తుంది. దానిని నమ్ముకున్న కార్మికుల ఉపాధి నిలుస్తుంది. కావున ప్రెస్ విభాగంపై మిల్లు యాజమాన్యాలు, సంబంధిత శాఖలు తగిన శ్రద్ధ వహించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.