బద్ధకమని తేల్చేసే ముందు...

మూడో తరగతి బాబు. కథ చెప్పమంటే గడగడా చెబుతాడు. నోటి లెక్కలు చకచకా చేసేస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం తల గోక్కుంటాడు. పేరెంట్స్ మీటింగులో టీచర్ అనే మాట ఒకటే: 'తెలివైనవాడే, శ్రద్ధే లేదు'. ఇంటికొచ్చాక మనం చేసేదీ ఒకటే. కోప్పడటం, లేదంటే ఇంకో ట్యూషన్ పెట్టించటం. మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితా? అయితే ట్యూషన్ సంగతి పక్కన పెట్టి, ముందు కళ్లూ చెవులూ పరీక్ష చేయించండి.

దూరంచూపు మందగించిన పిల్లలు ఆ సంగతి తమంతట తాము చెప్పటం అరుదు. బోర్డు అందరికీ అలాగే మసకగా కనిపిస్తుందనుకుంటారు. పక్కవాళ్ల నోట్‌బుక్ చూసి రాసుకోవటం, కళ్లు చికిలించటం, టీవీకి మరీ దగ్గరగా కూర్చోవటం.. ఇవన్నీ ఆనవాళ్లే. చెవుల విషయం ఇంకా గమ్మత్తు. తరచూ జలుబు చేసే కొందరు పిల్లల్లో కర్ణభేరి వెనక ద్రవం చేరుతుంది. నొప్పి ఉండకపోవచ్చు. వినికిడి మాత్రం ఒక వారం తగ్గుతుంది, మరో వారం బాగానే ఉంటుంది. దాంతో 'వాడికి కావాలనుకున్నవే వినిపిస్తాయి' అని నవ్వేస్తాం. ఫ్యాన్ల రొద మధ్య వెనక బెంచీలో కూర్చుంటే డిక్టేషన్ మాటలు కొన్ని వాడిదాకా చేరనే చేరవు.

కళ్లూ చెవులూ బాగానే ఉన్నాయని తేలిందనుకోండి. అప్పుడు డిస్లెక్సియా గురించి ఆలోచించాలి. ఇది తెలివితేటల లోపం కాదు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జతచేసుకోవటంలో మెదడుకు ఎదురయ్యే ఇబ్బంది. ఇంగ్లిషులో బి, డి తారుమారైతే ఇట్టే పట్టేస్తాం. తెలుగులోనైతే గుణింతాలు, ఒత్తుల దగ్గర తడబాటు కనిపిస్తుంది. మొదటి అక్షరం చూసి మిగతా పదాన్ని ఊహించి చదివేస్తుంటారు. అయిదారేళ్ల వయసులో అక్షరాలు తిరగరాయటం మామూలే, కంగారు అక్కర్లేదు. ఏడెనిమిదేళ్లు వచ్చినా తగ్గకపోతే క్లినికల్ సైకాలజిస్టుకు చూపించాలి. దీనికి మందుల్లేవు. మెమరీ టానిక్కులకు పెట్టే డబ్బు దండగే. స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర ధ్వని, అక్షరం కలిపి క్రమం తప్పకుండా చేసే సాధనే దారి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన లోపాలనూ గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే అర్హత మేరకు పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు దొరుకుతారు. సీబీఎస్‌ఈలో మూడు గంటల పరీక్షకు మరో గంట ఇస్తారు. ఆ ముద్ర పడుతుందని కొందరు తల్లిదండ్రులు వెనకాడతారు. కానీ మొద్దు అన్న ముద్ర వాడి మీద అప్పటికే పడి ఉంటుంది కదా!

ఈలోగా టీచర్‌ను కలిసి మూడు విషయాలు అడగండి. ముందు బెంచీలో చోటు, కొన్ని జవాబులు నోటితో చెప్పే వీలు, తరగతిలో అందరి ముందూ నిలబెట్టి చదివించకపోవటం. రాత్రిపూట పాఠం మీరే పైకి చదవండి. అక్షరాల వెంట వేలు నడుపుతూ వాడు వింటాడు. పదిహేను నిమిషాలు చాలు.