నెత్తుటిబొట్టులో జ్వరతీవ్రత

సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ 1897లో దోమకడుపున కనుగొన్న మలేరియా క్రిమిని, రోగి నెత్తుట లవెరాన్ 1880లోనే చూచియుండెను. గాజుపలకపై దళసరిగా అలికి, జీమ్సా రంగు పట్టించిన రక్తబిందువున అది కెంపు పొదిగిన నీలపుటుంగరమువలె గోచరించును. 200 తెల్లకణములను లెక్కించులోపల కనబడిన క్రిములసంఖ్యను 40చే హెచ్చించినచో, మైక్రోలీటరు రక్తమున నెన్ని గలవో సుమారుగా తేలును. ఫాల్సిపరం జాతి నూటికి 10 ఎఱ్ఱకణములకు మించి ఆక్రమించినచో ప్రాణాపాయమే.

అయినను ఈ లెక్క నొక్కదానినే నమ్మరాదు. ఏలయన, ముదిరిన క్రిములుగల కణములు మెదడు మున్నగు అవయవముల సూక్ష్మనాళములకు అంటుకొని, వ్రేలికొనకు రాకయే దాగియుండుటచే, పలకపై క్రిములు పలుచగా నున్న బిడ్డయే స్పృహ తప్పవచ్చును. అందువలన పరిశోధకులు ఆ క్రిములు రక్తరసమున విడిచెడి హెచ్.ఆర్.పి.2 అను మాంసకృత్తును కొలిచి, దాగినవానినిగూడ అంచనావేయుచున్నారు. రోగిశయ్యచెంత మాత్రము లాక్టేటు, హిమోగ్లోబిను, చక్కెర తక్షణము చూడవలసినవి. చక్కెర పడిపోయిన పసివానికి ఆ క్షణమున గ్లూకోజే ప్రాణము.