మూత తీసి చూస్తే

జూన్ వచ్చిందంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సందడే వేరు. ఇంజినీరింగ్‌లోనో డిగ్రీలోనో సీటొచ్చిన పిల్లలు, వాళ్ల వెనక జేబు తడుముకుంటూ తండ్రులు. సీటీసీ అని అందరూ పిలిచే ఆ భవనంలో ఏ కొట్టు ముందు నిలబడినా వినిపించే మొదటి మాట, ‘ఐ5 ఇమ్మంటారా, ఐ7 ఇమ్మంటారా సార్?’ పిల్లాడు ఐ7 అంటాడు. తండ్రి ఐ5 ఎంతకొస్తుందంటాడు. బేరమంతా ఆ అంకెల చుట్టూనే తిరుగుతుంది.

కొన్న యంత్రం నాలుగేళ్లకే మూలన పడుతుందా, పదేళ్లు పనికొస్తుందా అన్నది మాత్రం ఆ అంకె తేల్చదు. ర్యామ్ పెంచుకోవడానికి ఖాళీ స్లాటుందా? డిస్కు ఏ రకం? కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ నమ్మదగినదేనా? ఎక్కించిన విండోస్‌కు లైసెన్సు ఉందా? తేల్చేవి ఇవీ. అడగాలంటే లోపల ఏది ఏం పని చేస్తుందో తెలియాలి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. నాలుగు స్క్రూలు విప్పితే కనిపించేదే.

తొందరలో పుట్టిన యంత్రం

ఒక కంపెనీ బోర్డు మీద ఇంకో కంపెనీ ప్రాసెసర్ కూర్చోబెట్టి, మూడో కంపెనీ ర్యామ్ గుచ్చి, నాలుగో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే అది నడవడం నిజానికి విచిత్రమే. ఫ్రిజ్‌తోనో టీవీతోనో అలా చేయలేం. పర్సనల్ కంప్యూటర్‌కు ఈ గుణం రావడానికి కారణం ఐబీఎం పడిన తొందర.

గదులంత యంత్రాలు అమ్ముకునే ఐబీఎం, 1980 నాటికి చిన్న కంప్యూటర్ల బజారులో వెనకబడిపోయింది. ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో డాన్ ఎస్ట్రిజ్ నాయకత్వంలో ఒక చిన్న బృందానికి పని అప్పగించి, ఏడాదిలో యంత్రం బజారులో ఉండాలంది. ప్రతి భాగాన్నీ సొంతంగా తయారు చేసే ఐబీఎం పద్ధతిలో వెళ్తే ఆ గడువు సాధ్యం కాదు. అందుకే ఎస్ట్రిజ్ బృందం బయట దొరికేవాటినే కొని బిగించింది. ప్రాసెసర్ ఇంటెల్‌వారి 8088. ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. అది కూడా మైక్రోసాఫ్ట్ రాసింది కాదు, సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్‌లో టిమ్ ప్యాటర్సన్ రాసినదాన్ని కొని, మెరుగులు దిద్ది ఇచ్చింది. 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది. మొదలు ధర 1,565 డాలర్లు, మెమరీ 16 కిలోబైట్లు, హార్డ్ డిస్క్ లేనే లేదు. ఫ్లాపీ డ్రైవులే ఎ, బి. తర్వాత వచ్చిన హార్డ్ డిస్క్‌కు సి మిగిలింది. ఫ్లాపీ ముఖం కూడా చూడని మన పిల్లల విండోస్ కంప్యూటర్లలో డ్రైవుల లెక్క ఇప్పటికీ సి నుంచే మొదలవుతుంది.

కొనుక్కొచ్చిన భాగాలే కాబట్టి వాటిని ఎవరైనా కొనొచ్చు. ఐబీఎం సొంతమని చెప్పుకోదగ్గది బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒక్కటే. కాంపాక్ కంపెనీ దానికీ దారి కనిపెట్టింది. ఒక జట్టు బయోస్ ఏమేం చేస్తుందో చదివి రాసిపెట్టింది. అసలు కోడు కంటితో చూడని రెండో జట్టు ఆ రాతల్ని బట్టి కొత్త బయోస్ రాసింది. చట్టం తప్పు పట్టడానికి వీల్లేకుండా 1982 నవంబరులో కాంపాక్ తన పీసీని ప్రకటించింది. ఇతరులకు అమ్ముకునే హక్కు వదులుకోని మైక్రోసాఫ్ట్, కొత్త కంపెనీలన్నిటికీ తన ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌ను అమ్మింది. హార్డ్‌వేర్ ఒకరిది, సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది అన్న ఏర్పాటు అలా స్థిరపడింది. సీటీసీలో ‘అసెంబుల్డ్ సిస్టమ్’ అమ్ముడుపోతున్నదంటే ఆ పుణ్యమే.

మీట నొక్కాక

గోడ నుంచి వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. దాన్ని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చేది క్యాబినెట్ వెనక మూలన ఫ్యాన్‌తో కనిపించే ఎస్‌ఎంపీఎస్. ప్రాసెసర్ దగ్గరికి చేరేసరికి మదర్‌బోర్డు ఆ 12ను మళ్లీ ఒక వోల్టు దరిదాపులకు దించుతుంది. వోల్టేజీ ఎగుడుదిగుళ్లు మామూలైన మన ఊళ్లలో ముందుగా దెబ్బ తినే భాగాల్లో ఎస్‌ఎంపీఎస్ ఒకటి. నాసిరకానిదైతే పోతూ పోతూ బోర్డును కూడా తీసుకుపోగలదు. బడ్జెట్ కుదరడం లేదని క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే పేరులేని ఎస్‌ఎంపీఎస్‌తో సరిపెట్టుకోవడం, నా దృష్టిలో, మొత్తం కొనుగోలులోకెల్లా చెడ్డ పొదుపు. దానికి తోడు ఒక యూపీఎస్ పెట్టుకుంటే చాలా రిపేర్లు తప్పుతాయి.

కరెంటు అందగానే మదర్‌బోర్డు మీది చిప్పులో నిద్రపోతున్న బయోస్ లేస్తుంది. కొత్త యంత్రాల్లో దాని వారసుడి పేరు యూఈఎఫ్ఐ. ర్యామ్ ఉందా, కీబోర్డు ఉందా, డిస్కు ఉందా అని హాజరు తీసుకుంటుంది. ర్యామ్ పలకకపోతే చాలా యంత్రాలు బీప్‌మని మొత్తుకుంటాయి. కొన్నిసార్లు ర్యామ్ తీసి, కాంటాక్టులు తుడిచి, మళ్లీ గట్టిగా గుచ్చితే చాలు. తేదీ ప్రతిసారీ ఎప్పటిదో పాతది చూపిస్తుంటే బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందని అర్థం. ఏ చిన్న షాపులోనైనా దొరుకుతుంది.

ఇక ప్రాసెసర్. ఇంట్లో అందరం సీపీయూ అని పిలిచే అంత పెద్ద పెట్టెలో అసలు సీపీయూ నాలుగు సెంటీమీటర్ల పలక, అదీ ఫ్యాన్ కింద దాక్కుని. చేసే పని సూటిగా చెప్పాలంటే మెమరీ నుంచి ఒక ఆదేశం తెచ్చుకోవడం, అర్థం చేసుకోవడం, అమలు చేయడం, ఇంకోటి తెచ్చుకోవడం. 8088 గుండె సెకనుకు 47 లక్షల 70 వేల సార్లు కొట్టుకునేది, అందులో 29 వేల ట్రాన్సిస్టర్లు. ఈనాటివి సెకనుకు మూడు నాలుగు వందల కోట్ల సార్లు కొట్టుకుంటాయి, అలాంటి కోర్లు నాలుగో ఎనిమిదో ఒకే పలకలో ఉంటాయి. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే ఏడాది వచ్చినవాటి మధ్య అంతస్తులు మాత్రమే. అసలు కథ వాటి తర్వాతి అంకెల్లో ఉంటుంది. 2011 నాటి ఐ5-2400ను 2022లో వచ్చిన ఐ3-12100 సునాయాసంగా దాటిపోతుంది. సెకండ్‌హ్యాండ్ యంత్రానికి ‘ఐ7 సార్’ అని ధర చెబితే, ‘ఏ జనరేషన్?’ అని అడగండి.

గ్రాఫిక్స్ గురించి ఎక్కువ చెప్పను. ఫుల్ హెచ్‌డీ తెర మీద 20,73,600 చుక్కలుంటాయి, వాటిని సెకనుకు 60 సార్లు తిరగరాయాలి. మామూలు ఇంటి పనికి చాలా ప్రాసెసర్లలో ఇమిడి ఉన్న గ్రాఫిక్సే సరిపోతుంది. గేములకీ వీడియో ఎడిటింగుకీ అయితే విడి కార్డు కావాలి. బీకాం చదివే పిల్లకు వేలు పోసి గ్రాఫిక్స్ కార్డు అంటగట్టే కొట్టువాడికి దండం పెట్టి పక్క కొట్టుకు వెళ్లండి.

నెమ్మదితనం ఎక్కడుంది?

‘సిస్టమ్ స్లో అయింది, ఫార్మాట్ కొట్టాలి.’ మన దగ్గర ఈ మాట జ్వరానికి పారాసెటమాల్ లాంటిది. ఫార్మాట్ కొట్టాక నెల రోజులు హాయిగా ఉంటుంది, ఆపైన షరా మామూలే. తప్పు ఎక్కువగా ప్రాసెసర్‌ది కాదు, దానికి సరుకు అందించేవాళ్లది.

ర్యామ్‌లో ఒక్కో బిట్‌కూ ఒక ట్రాన్సిస్టర్, ఒక బుల్లి కెపాసిటర్ ఉంటాయి. కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉంటే 1, లేకుంటే 0. ఆ ఆవేశం కారిపోతుంటుంది కాబట్టి సెకనుకు పదిహేను పదహారు సార్లు ప్రతి బిట్‌నూ మళ్లీ నింపుతూ ఉండాలి. కరెంటు పోతే నింపేవాడు లేడు. సేవ్ చేయని ఉత్తరం గాల్లో కలిసిపోయేది అందుకే.

డిస్కు అలా కాదు, కరెంటు పోయినా దాచిపెడుతుంది. అయితే పాత హార్డ్ డిస్క్ తిరిగే పళ్లెం. నిమిషానికి 5,400 లేదా 7,200 చుట్లు తిరిగే ఆ పళ్లెం మీద, తాకకుండా నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఒక చెయ్యి అటూ ఇటూ కదిలి వెతుకుతుంది. ఆ వెతుకులాటకు పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మనకు అది లెక్కలోకి రాదు గానీ ప్రాసెసర్ కాలమానంలో అదొక యుగం. ర్యామ్ నుంచి ఒక అంశం తేవడానికి పట్టే సమయాన్ని ఒక సెకను అనుకుందాం. కొత్త రకం డిస్కు అయిన ఎస్‌ఎస్‌డీ నుంచి తేవడానికి పావుగంట పైచిలుకు పడుతుంది. హార్డ్ డిస్క్ నుంచి అయితే దాదాపు 28 గంటలు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏదీ లేదు, అంతా చిప్పులే. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సరుకును డిస్కులోకి నెట్టి, కావలసినప్పుడు వెనక్కి లాక్కుంటుంది. ర్యామ్ 4 జీబీ, డిస్కు తిరిగేది అయితే ఆ యంత్రం ముందు కూర్చున్న మనిషికి ఓపిక ఎంత ఉన్నా చాలదు.

ఏడెనిమిదేళ్ల యంత్రానికి ఫార్మాట్ బదులు ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకో ర్యామ్ ముక్క వేయించి చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది. డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 పట్టదు, డీడీఆర్4లో డీడీఆర్5 పట్టదు, గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి. మీ దాంట్లో ఏదుందో చూసుకునే కొనండి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి కనుక రెండు కొట్లలో అడిగి మరీ కొనండి. ఒక టీబీ కొంటే 931 జీబీయే చూపిస్తోందని కొట్టువాడితో గొడవకు దిగొద్దు. కంపెనీ వెయ్యితో గుణిస్తుంది, విండోస్ 1,024తో గుణిస్తుంది.

‘క’ కనిపించాలంటే

ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒక మీట నొక్కితే తెర మీద ‘క’ పడుతుంది. కీబోర్డుకు మాత్రం తెలుగు రాదు, ఫలానా మీట నొక్కారని ఒక సంఖ్య పంపుతుందంతే. ఆ సంఖ్యను అందుకునేది డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్. ప్రతి పరికరానికీ ఒక డ్రైవర్ ఉంటుంది, ప్రింటర్ మొరాయించినప్పుడే దాని పేరు మనకు గుర్తొస్తుంది. ఎంచుకున్న లేఅవుట్‌ను బట్టి ఆపరేటింగ్ సిస్టమ్ ఆ సంఖ్యను యూనికోడ్‌లోని ‘క’గా మారుస్తుంది. ‘క్ష’ రాయాలంటే క, పొల్లు, ష అని మూడు సంకేతాలు వెళ్తాయి. మూడింటినీ కలిపి ఒక్క అక్షరంగా పేర్చే పని వేరే ప్రోగ్రామ్‌ది, ఆకారం ఇచ్చే పని ఫాంట్‌ది. పాత డీటీపీ ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేది వాటిలో తెలుగు సంకేతాలు లేకపోవడం వల్లే. ఇంగ్లిషు అక్షరాలకే తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంట్ లేకపోతే తొడుగు ఊడిపోతుంది.

ఒక్క అక్షరానికి ఇంతమంది పనిచేస్తే, వాళ్లందరికీ ప్రాసెసర్ సమయం, మెమరీలో జాగా పంచిపెట్టే పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్‌ది. వర్డ్, బ్రౌజర్, ట్యాలీ అన్నీ దాన్ని అడిగే తెచ్చుకోవాలి. అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ చేతులెత్తేస్తే ఆరోగ్యంగా ఉన్న యంత్రం కూడా అనాథ అవుతుంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్, ఆపైవాటికే అధికారికంగా అనుమతి. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టినవాడే, అయినా మన పాత యంత్రాలకు ఏడాది అదనపు భద్రతా అప్‌డేట్లు తప్ప ఇంకేమీ దక్కలేదు.

అలాంటి యంత్రాలకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. 1991లో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది, ఉచితం, తెలుగు చక్కగా చూపిస్తుంది. చదువుకీ ఇంటర్నెట్‌కీ ఉత్తరాలకీ లినక్స్ రకాలైన మింట్ లేదా ఉబుంటు, వాటిలో నడిచే లిబ్రే ఆఫీస్ సరిపోతాయి. ట్యాలీ మీద బతికే దుకాణానికీ పేజ్‌మేకర్ మీద బతికే డీటీపీ సెంటర్‌కీ నేను ఆ సలహా ఇవ్వను. దొంగ విండోస్ ఎక్కించుకోవడం కన్నా మాత్రం ఎవరికైనా లినక్సే మేలు. లైసెన్సు తాళం పగలగొట్టే ఆ ప్రోగ్రామ్ ఇంకేం పగలగొడుతుందో అడిగే వీలుండదు.

ఇన్నాళ్లూ పీసీని కాపాడిన గుణం, ఏ భాగం పోతే ఆ భాగం మార్చుకునే వీలు, ఇప్పుడు నెమ్మదిగా పోతోంది. సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. కొన్నప్పుడు 8 జీబీ అయితే చివరిదాకా 8 జీబీయే. ఇంట్లో కదలకుండా ఉండే పనికి నా ఓటు డెస్క్‌టాప్‌కే. ల్యాప్‌టాప్ తప్పనిసరైతే 16 జీబీ ఉన్నదో, స్లాటు ఖాళీగా ఉన్నదో చూసుకోండి.

ఈ ఆదివారం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ అన్నచోట ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయి, డిస్కు ఏ రకం అన్నీ ఉంటాయి. డిస్కు గీత ఎప్పుడు చూసినా నూరు శాతం దగ్గరే ఉంటే కొత్త కంప్యూటర్‌కు కాదు, ముందు ఎస్‌ఎస్‌డీకి డబ్బు పెట్టండి. పాత డిస్కును పాత సామాన్లవాడికి ఇచ్చేయకండి. మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్ ఫైళ్ల జాబితాను మాత్రమే చెరిపేస్తుంది, ఫైళ్లు పళ్లెం మీద అలాగే ఉంటాయి.