ఎండిన గడ్డీ పచ్చదనమే!

హైదరాబాద్‌లో పార్క్ అంటే మనకు లాన్, పూలు, సెల్ఫీ. అవే కావాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఉంది. నిజాంల నాటి తోట, మెట్రో దిగి నడిచి వెళ్లొచ్చు.

నాకు మాత్రం కేబీఆర్ పార్క్ ఇష్టం. జూబ్లీహిల్స్ నడిబొడ్డున దాదాపు 390 ఎకరాల అడవి. 1998లో నేషనల్ పార్క్ అయింది. పొద్దున్నే వెళ్తే నెమళ్ల అరుపులు వినొచ్చు. ఎండాకాలంలో చాలా చెట్లు మోడుల్లా ఉంటాయి. చచ్చిపోయాయనుకోకండి. నీళ్లు తక్కువైతే ఆకులు రాల్చేయడం దక్కన్ చెట్ల పద్ధతి. మా సాఫ్ట్‌వేర్ భాషలో పవర్ సేవింగ్ మోడ్!

వనస్థలిపురం దగ్గరున్న మహావీర్ హరిణ వనస్థలికి వెళ్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అక్కడి కృష్ణజింకలకు దట్టమైన చెట్లు కాదు, గడ్డి మైదానం కావాలి. ప్రమాదాన్ని దూరం నుంచే చూసి పరుగెత్తే జంతువులవి. మైదానమంతా మొక్కలు నాటేస్తే ఫొటో పచ్చగా వస్తుంది, జింకకే చోటు మిగలదు.

అందుకే నా మాట ఒకటే. ఎండిన నేలను మనమే ‘ఖాళీ జాగా’ అనేస్తే, రేపు అక్కడ లేఅవుట్ వేసినా అడిగేవాళ్లుండరు. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి వెళ్లండి. తేడా మీకే తెలుస్తుంది. వాటర్ బాటిల్ మాత్రం అక్కడ పడేయకండి!