మిషన్లు లెక్కపెడితే చాలదు

కొత్త డయాలసిస్ సెంటర్ తెరిచిన మర్నాడు పేపర్లో వచ్చే వార్తలో ఏముంటుందో చదవకుండానే చెప్పొచ్చు. ఎన్ని బెడ్లు, ఎన్ని మిషన్లు, ఎన్ని కోట్లు, రిబ్బన్ ఎవరు కత్తిరించారు. కొన్నాళ్లకు మరో వార్త వస్తే అందులో ఇప్పటిదాకా ఎన్ని వేల డయాలసిస్‌లు చేశారో ఉంటుంది. ఈ లెక్కలను తీసిపారేయడానికి లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట మండలాల రోగులు ఒకప్పుడు డయాలసిస్ కోసం విశాఖపట్నం దాకా పోవాల్సి వచ్చేది. 2016-17 కేంద్ర బడ్జెట్‌లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించాక జిల్లా ఆసుపత్రుల్లోకి మిషన్లు వచ్చాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఉచితంగా చేస్తున్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు రూ.10,000 పింఛను ఉంది. దొరకడమే గగనమైన చోట దొరకడం గొప్పే. కానీ దొరికింది మంచిదా కాదా అంటే బెడ్ల లెక్క జవాబు చెప్పదు. సెంటర్ సంగతి తేల్చేవి గోడ గడియారం, వెనక గదిలోని నీళ్ల ట్యాంకు, రోగి చేతి నరం. ఈ మూడింటినీ కొలవొచ్చు. కొలిచి, ఆ అంకెలను రోగి ముందూ బిల్లు కట్టే ప్రభుత్వం ముందూ పెట్టాలన్నది ఈ వ్యాసం వాదన.

గడియారంతో మొదలుపెడదాం. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున డయాలసిస్ చేయించుకునే మనిషికి దక్కేది 12 గంటలు. రెండుసార్లే అయితే ఎనిమిది. పంపు నిమిషానికి 300 మిల్లీలీటర్ల చొప్పున నడిస్తే నాలుగు గంటల్లో 72 లీటర్ల రక్తం ఫిల్టర్ గుండా పోతుంది. అంటే ఒంట్లోని ఐదు లీటర్ల రక్తమే దాదాపు పద్నాలుగుసార్లు తిరిగి తిరిగి వస్తుందన్నమాట. ఇంత కొద్ది సమయంలో అరగంట కోసేస్తే పోయేది మలినాల శుద్ధి ఒక్కటే కాదు. మధ్య రోజుల్లో ఒంట్లో చేరిన నీటిని కూడా అంత తక్కువ సమయంలోనే లాగేయాల్సి వస్తుంది. కిలో బరువుకు గంటకు 13 మిల్లీలీటర్ల కంటే వేగంగా నీరు తీసిన రోగుల్లో మరణాలు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. 60 కిలోల మనిషికి ఆ లెక్కన గంటకు 780 మిల్లీలీటర్లు, నాలుగు గంటలకు మూడు లీటర్ల చిల్లర. అదే నీటిని మూడు గంటల్లో తీస్తే వేగం 17 దాటుతుంది. అప్పుడు బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, రోగి ఇంటికెళ్లి పొద్దుగూకే దాకా మంచం దిగడు. ‘డయాలసిస్ అంటే ఇంతే, నీరసం మామూలే’ అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. కొంత నీరసం ఎవరికైనా ఉంటుంది. ప్రతిసారీ ఒకే సెంటర్లో ఒకే షిఫ్టులో అందరికీ బీపీ పడిపోతుంటే మాత్రం అది జబ్బు లక్షణం కాదు, తొందర లక్షణం.

సరిపడా శుద్ధి జరిగిందా అన్నది చూడటానికి డాక్టర్ల దగ్గర కొలతలున్నాయి. మొదలుపెట్టే ముందు, ముగిసిన తర్వాత రక్తంలో యూరియా చూస్తారు. ముందు 150 ఉన్నది 50కి దిగితే మూడింట రెండొంతులు పోయినట్టు. కనీసం 65 శాతం తగ్గాలన్నది వాడుకలో ఉన్న గీటురాయి. దీనికే కాస్త శాస్త్రీయమైన రూపం కేటీ బై వీ. వారానికి మూడుసార్లు చేసేవాళ్లకు విడతకు 1.2కు తగ్గకూడదంటారు. ఈ అంకెకు అర్హతకు మించిన గౌరవం ఇవ్వకూడదు. 2002లో ఫలితాలు వెలువడిన అమెరికా హెమో పరీక్షలో ఒక బృందానికి మామూలు మోతాదు, మరో బృందానికి ఎక్కువ మోతాదు ఇచ్చి చూస్తే ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ఈ అంకె కింది గడప లాంటిది. దాటకపోతే తప్పు, దాటినంత మాత్రాన గొప్ప కాదు. మన దగ్గర ఇంకో మెలిక ఉంది. ఇక్కడ చాలామంది వారానికి రెండుసార్లే చేయించుకుంటారు. 1.2 అన్నది మూడుసార్ల వాళ్ల కోసం పెట్టిన కొలత. సొంత కిడ్నీల్లో కాస్తో కూస్తో పని మిగిలి, మూత్రం వస్తున్నవాళ్లకు రెండుసార్లు సరిపోవచ్చు. చుక్క మూత్రం రాని మనిషికి రెండుసార్లు చేసి, విడత విడతకూ 65 శాతం వచ్చిందని కాగితం మీద టిక్కు పెడితే అది పాసు మార్కు కాదు. 2011లో అమెరికాలో 32 వేలమందికి పైగా రోగుల వివరాలు పరిశీలిస్తే, వారంలో వచ్చే రెండు రోజుల విరామం ముగిసిన నాడు మరణాలు, గుండె సమస్యలు ఎక్కువగా కనిపించాయి. మూడుసార్లు చేసేవాళ్ల సంగతే అది. సోమ, గురువారాలు వచ్చేవాళ్లకు శుక్ర, శని, ఆదివారాలు మూడూ విరామమే.

ఇక నీళ్లు. సెంటర్లోకి అడుగుపెట్టిన బంధువులు ఏసీ చూస్తారు, దుప్పటి చూస్తారు, టీవీ ఉందో లేదో చూస్తారు. వెనక గదిలోని ఆర్‌ఓ ప్లాంట్ ఎవరి కంటా పడదు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రావణం చొప్పున ఒక్క విడతకే 120 లీటర్ల నీరు రోగి రక్తానికి పల్చటి పొర అవతల నుంచి ప్రవహిస్తుంది. మనం తాగే నీటిలో చెడు ఉంటే పేగులు కొంత అడ్డుకుంటాయి, కిడ్నీలు కొంత బయటికి పంపుతాయి. ఈ మనిషికి ఆ రెండు కాపలాలూ లేవు. కాబట్టి మనకు తాగడానికి మంచిదైన నీరు కూడా డయాలసిస్‌కు విషమే కావచ్చు. మున్సిపాలిటీ వాళ్లు క్రిములు చావడానికి కలిపే క్లోరిన్, క్లోరమైన్లను కార్బన్ ట్యాంకు పట్టి ఉంచకపోతే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. 1993లో చికాగోలో ఒక సెంటర్లో నీటిశుద్ధి పరికరం సత్తువ అయిపోయి ఫ్లోరైడ్ రోగుల్లోకి చేరింది. ముగ్గురు చనిపోయారు. ఫ్లోరైడ్ పేరు చెబితే నల్గొండ గుర్తొచ్చే మనకు ఆ సంగతి దూరదేశపు ముచ్చటగా అనిపించకూడదు. 1996లో బ్రెజిల్‌లోని కరువారు పట్టణంలో జరిగింది ఇంకా దారుణం. చెరువు నీటిలో పెరిగిన నాచు లాంటి సూక్ష్మజీవుల విషం సరిగ్గా శుద్ధి కాని నీటితో కలిసి డయాలసిస్ మిషన్లలోకి వెళ్లింది. 50 మందికి పైగా రోగులు కాలేయం దెబ్బతిని చనిపోయారు.  ఈ రెండు చోట్లా ప్రాణాలు తీసింది నీరు. మిషన్ ఎంత ఖరీదైనదైనా తనకు అందిన నీటినే వాడుకుంటుంది. అందుకే ప్రతి షిఫ్టుకు ముందు క్లోరిన్ పరీక్ష, క్రమం తప్పకుండా బ్యాక్టీరియా, ఎండోటాక్సిన్ పరీక్షలు చేయాలన్న నియమం ఉంది. క్లోరిన్ పరీక్షకు పట్టేది కొన్ని నిమిషాలు. మానేసినా ఆ రోజుకు ఎవరికీ తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

చేతి నరం విషయంలో సెంటర్ తీరు ఇంకా తేటగా బయటపడుతుంది. మన దగ్గర ఎక్కువమందికి కిడ్నీలు పూర్తిగా చెడ్డాయని తెలిసేది ఆయాసంతో అర్ధరాత్రి ఆసుపత్రికి వచ్చినప్పుడే. అప్పటికప్పుడు మెడలో పైపు వేసి డయాలసిస్ మొదలుపెడతారు. దానికి సెంటర్‌ను తప్పుపట్టలేం. మూడు నెలలు గడిచినా మెడలో ఆ పైపే ఉంటే మాత్రం అడగాలి. 1966లో న్యూయార్క్ డాక్టర్లు బ్రెషా, చిమినో బృందం ప్రచురించిన ఫిస్టులా పద్ధతి ఇప్పటికీ అన్నిటికంటే భద్రమైన దారి. చేతిలో ధమనిని సిరతో కలిపి కుట్టేస్తే కొన్ని వారాల్లో ఆ నరం లావై, వేలు పెడితే జుమ్మని తెలుస్తుంది. పైపు అలా కాదు, బయటి నుంచి నేరుగా గుండె దాకా తెరిచి ఉంచిన తలుపు. చలి, జ్వరంతో వణికిపోయే రోగుల్లో చాలామంది పైపు ఉన్నవాళ్లే. ఈ మూడింటికి తోడు, సెంటర్లో కొత్తగా హెచ్‌సీవీ (హెపటైటిస్ సీ వైరస్) పాజిటివ్ అయినవాళ్లు ఎంతమంది అన్న అంకె ఒకటుంది. పాజిటివ్ రోగికి వేరే మిషన్ పెట్టామని సెంటర్లు గొప్పగా చెబుతాయి. హెపటైటిస్ బీకి అది తప్పనిసరి. హెపటైటిస్ సీ విషయంలో అంతర్జాతీయ మార్గదర్శకాలు వేరే మిషన్ కంటే చేతుల శుభ్రతనే నొక్కి చెబుతాయి. ఒక రోగి దగ్గర వేసుకున్న గ్లౌజులతోనే పక్క బెడ్డు దగ్గరికి వెళ్లడం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపరిన్ మందు సీసా ఒకదాన్నే నలుగురికి వాడటం, కుర్చీ తుడవకుండా తర్వాతి షిఫ్టు రోగిని కూర్చోబెట్టడం వంటివే ఎక్కువ దారులు. నెగెటివ్‌గా చేరిన రోగి సంవత్సరం తిరిగేసరికి పాజిటివ్ అయితే, బయట ఎక్కడో అంటుకుని ఉంటుందని సెంటర్ తప్పించుకోవచ్చు. ముగ్గురు అయితే ఆ మాట చెల్లదు.

అంకెలు బయటపెడితే అన్నీ చక్కబడతాయా అంటే అమెరికా అనుభవం చూడాలి. అక్కడ 1972 చట్టం వల్ల దాదాపు డయాలసిస్ రోగులందరికీ ప్రభుత్వ బీమా మెడికేర్ డబ్బు కడుతుంది. 2001 నుంచి సెంటర్ల వివరాలు ప్రజలకు అందుబాటులో పెట్టారు, 2015లో ఐదు నక్షత్రాల రేటింగ్ తెచ్చారు, నాణ్యత తగ్గితే చెల్లింపులో రెండు శాతం దాకా కోత పెడుతున్నారు. అదే దేశంలో హిమోగ్లోబిన్ అంకె వెంట పడటం వల్ల జరిగిన నష్టం కూడా ఉంది. రక్తం పెంచే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్‌కు వేరే బిల్లు వచ్చే రోజుల్లో దాన్ని ధారాళంగా వాడారు. 2006లో వచ్చిన క్వైర్ పరీక్ష, ఇంకా డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగుల్లో హిమోగ్లోబిన్‌ను మరీ పైకి లాగితే మేలుకు బదులు కీడే ఎక్కువని చూపింది. 2011లో మందును కూడా డయాలసిస్ ధరలో కలిపేశాక వాడకం తగ్గింది. డబ్బు దేనికి కడితే అది పెరుగుతుంది. మన ప్రభుత్వ ఆరోగ్య పథకం విడతకింత అని కడుతుంది. కాబట్టి మన దగ్గర పెరిగేది విడతల సంఖ్య. నిమిషాలు పెరగాలంటే నిమిషాలను చూసి కట్టాలి.

దీనికి సెంటర్లు నడిపేవాళ్ల నుంచి మొదట వచ్చే అభ్యంతరం, ‘మా దగ్గరికి వచ్చేదే ముదిరిన కేసులు, మరణాలతో మమ్మల్ని కొలవొద్దు’ అని. ఇది న్యాయమైన మాటే. పాతికమంది రోగులున్న సెంటర్లో ఏడాదిలో ఇద్దరు ఎక్కువ చనిపోతే దాన్నుంచి ఏ నిర్ణయానికీ రాలేం. మరణాల అంకెనే ర్యాంకుగా మారిస్తే సెంటర్లు డెబ్బై ఏళ్ల షుగర్ రోగిని గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి. అందుకే చావులకంటే ముందు పనిని కొలవాలి. నీటి పరీక్ష చేశారా, నాలుగు గంటలు నడిపారా, తొంభై రోజుల తర్వాత ఎంతమందికి ఇంకా పైపే ఉంది అన్నవాటికి రోగి వయసు పెద్ద సాకు కాదు. రెండో మాట, ‘రోగులే ముందు తీసేయమంటారు, బస్సు పోతుందంటారు’ అని. నిజమే. ఊరికి ఉన్న ఆఖరి బస్సు, పోయిన కూలి, పట్టేసిన పిక్క, అన్నీ రోగిని లేపేవే. అయితే ఒక సెంటర్లో పదిమందిలో ఇద్దరు ముందు లేస్తుంటే, మరో సెంటర్లో ఏడుగురు లేస్తుంటే ఆ తేడా రోగులది కాదు. నీరు నెమ్మదిగా తీస్తే, డ్రై వెయిట్ (అదనపు నీరంతా పోయాక ఉండాల్సిన బరువు) నెలనెలా సరిచూస్తే, షిఫ్టు వేళలను బస్సు వేళలకు కలిపితే కూర్చునేవాళ్లు పెరుగుతారు. ఫిల్టర్ మళ్లీ మళ్లీ వాడటం మీద కూడా కోపాలున్నాయి. ఫిల్టర్ మీద రోగి పేరు రాసి, సామర్థ్యం 80 శాతానికి తగ్గగానే పారేసి, కడిగిన మందు మిగలలేదని పరీక్షించి వాడితే దాన్ని దోషమనలేం. ఆ క్రమశిక్షణ లేని చోట ఒక్కసారికే వాడే ఫిల్టర్ మేలు.

పేదవాడికి ఎంచుకునే అవకాశమే లేనప్పుడు ఈ అంకెలు ఎందుకు అనేది అన్నిటికంటే బరువైన ప్రశ్న. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మనిషి వివరాలు చూసుకుని హైదరాబాద్ సెంటర్‌కు మారిపోలేడు. కానీ అతని తరఫున కొనేది ప్రభుత్వం. వేల మంది తరఫున బిల్లు కడుతున్నవాడికి సరుకు చూసే హక్కు, బాధ్యత రెండూ ఉన్నాయి. మిషన్ మొదలైన వేళ, ఆగిన వేళ, యూరియా అంకెలు, పైపులున్నవాళ్ల సంఖ్య, కొత్త హెచ్‌సీవీ కేసులు బిల్లుతో పాటే రావాలని ప్రభుత్వం అడగొచ్చు, సెంటర్ గోడ మీద తెలుగులో రాయించొచ్చు. వాటితో పాటు ఇంకొక్కటి కూడా రాయించాలి. ఈ ఏడాది ఎంతమందిని అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో కిడ్నీ కోసం నమోదు చేయించారు, ఎంతమందికి ఇంట్లోనే చేసుకునే పొట్ట డయాలసిస్ గురించి చెప్పారు? విడతకింత అని ఆదాయం వచ్చే సెంటర్‌కు రోగిని పోగొట్టుకోవడం నష్టమే. అయినా పోగొట్టుకోవడానికి ప్రయత్నించే సెంటరే మంచిది.

గోడ మీద ఆ అంకెలు ఎప్పుడొస్తాయో గాని, అంతదాకా రోగి ఇంటివాళ్లు చేయగలిగింది కొంత ఉంది. నోటుబుక్కులో మొదలైన వేళ, ముగిసిన వేళ, ముందు బరువు, తర్వాత బరువు రాసుకోండి. ఈసారి సెంటర్‌కు వెళ్లినప్పుడు నీటి పరీక్ష రిజిస్టర్ చూపించమని మర్యాదగా అడగండి. చివరి సంతకం ఏ తేదీదో చూడండి.